మొదటి గరిటె గంగమ్మది

యారాడ ఊళ్ళో ఎల్లాజీని ఎప్పుడు చూసినా భుజమ్మీది తువ్వాలు కుడిచేతి మీదికి జారే ఉంటుంది. అది దానంతటది జారదు. తనే జార్చుకుంటాడు. ఆ చేతికి చూపుడువేలూ నడిమివేలూ లేవు మరి. ఊరందరికీ తెలిసిన సంగతే అయినా, కొత్తవాళ్ళు ఎదురైతే చాలు, ఎడమచేత్తో తువ్వాలు సవరించుకుంటాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంకా అంత సిగ్గేమిటని నవ్వేవాళ్ళున్నారు. నవ్వనివ్వండి. ఆ సిగ్గు వేళ్ళు పోయినందుకు కాదని వాళ్ళకి తెలియదు.

ముప్పయ్యేళ్ళ వయసులో ఎల్లాజీ, విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్ళే ఒక మరబోటులో కళాసీ. వల లాగడంలో అతను ఓ చెయ్యి వేశాడంటే మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకునేవారు. ఒకనాటి పొద్దున వల పైకొస్తుండగా తాడుకీ, దాన్ని చుట్టే చక్రానికీ మధ్య చెయ్యి ఇరుక్కుంది. ఆ చెయ్యి మళ్ళీ వల లాగలేదు. బోటు నడిపే డ్రైవరు తాతబాబు మాత్రం అతన్ని వదులుకోలేదు. "వల లాగలేకపోతే మానీ బావా. గరిటైతే తిప్పగలవు కదేటి," అని వంట అప్పజెప్పాడు.

మంచిమాటే. కానీ బోటు మీద వంటవాడంటే అందరికీ చులకనే. ఒళ్ళొంగనివాడికీ, పని చేతకానివాడికీ ఇచ్చే పని అది. ఎల్లాజీ భార్య కాసులమ్మకి ఆ పేరు అస్సలు గిట్టలేదు. వల లాగే మొనగాడని తనని ఇచ్చి చేశారు. తీరా చూస్తే గరిటె పట్టుకున్నాడు. ఎవరైనా "మీ ఆయన బోటు మీద ఏం చేస్తాడు" అని అడిగితే ఇరవయ్యారేళ్ళపాటు ఒకే జవాబు చెప్పింది: "వలేత్తాడు." కూతురికి సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళతోనూ అదే చెప్పింది. పక్కనే కూర్చున్న ఎల్లాజీ కుడిచేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు. ఆ రోజు అలవాటైన తువ్వాలు ఈ రోజుకీ అలాగే ఉండిపోయింది.

ఇంటి దగ్గర సిగ్గయితే అయింది గానీ, బోటెక్కితే ఎల్లాజీ రాజే. ఆ రాజ్యానికి కారణం చారు.

బోటు చారంటే ఇంట్లో కాచే చారు లాంటిది కాదు. పెద్ద పార చేపల తలకాయలు రెండు, దంచిన మిరియాలూ వెల్లుల్లీ జీలకర్రా, కాసింత చింతపండు, చీల్చిన పచ్చిమిరపకాయలు. నూనె చుక్క ఉండదు. తలకాయల్లో ఉన్న సారమంతా నీళ్ళలోకి దిగేదాకా గుండిగ అలా మరుగుతూనే ఉండాలి. వానలో తడిసి, చేతులు మొద్దుబారి, వల దగ్గర నుంచి వచ్చినవాళ్ళు ఆ చారు ఒక గ్లాసుడు తాగితే చెవులు వేడెక్కేవి. మళ్ళీ మాటలు మొదలయ్యేవి. బూతులు కూడా మొదలయ్యేవి. అప్పుడు ఎల్లాజీకి తెలిసేది చారు కుదిరిందని.

తెలిసేది అంటున్నానంటే కారణముంది. తను రుచి చూసేవాడు కాదు. ఆ బోటు మీద పద్ధతి అది. వేట బాగా సాగాలని, వండినదాంట్లో మొదటి గరిటె సముద్రంలో పొయ్యాలి. గంగమ్మ నోటికి అందకముందు మనిషి నాలిక తగలకూడదు. రెండో గరిటె బోటు నడిపే డ్రైవరుకి. ఆ తర్వాత కళాసీలకి. వంటవాడు అందరికంటే ఆఖర్న తినాలి. కాబట్టి ఎల్లాజీ ముక్కుతో వండటం నేర్చుకున్నాడు. ఆవిరిలో మిరియం ఘాటు ముందొచ్చి వెల్లుల్లి వాసన వెనకొస్తే సరి. వెల్లుల్లి ముందొచ్చిందా, ఇంకా మరగాలి.

ఉప్పు సంగతి ఇంకా చిత్రం. బోటు మీద ఉప్పు పొట్లం రెండు రోజులకే చెమ్మగిల్లి నీరైపోతుంది. మంచినీళ్ళ డ్రమ్ములేమో తాగడానికి జాగ్రత్తగా వాడుకోవాలి. అందుకని నాలుగు చెంబుల మంచినీళ్ళకి ఒక చెంబు సముద్రం నీళ్ళు, అదీ ఒడ్డు కనబడనంత దూరంలో తోడిన నీలాల్లాంటి నీళ్ళు. ఇరవయ్యారేళ్ళలో ఎల్లాజీ చెయ్యి ఉప్పురాయిని ముట్టలేదు.

మోకాళ్ళు మొరాయించడంతో రెండేళ్ళ కిందట బోటు మానేసి ఇంటికొచ్చాడు. ఇంట్లో గరిటె జోలికి పోలేదు. పొయ్యి కాసులమ్మది. ఆవిడ చేపల గిన్నె నెత్తిన పెట్టుకుని, కొండెక్కి దిగే బస్సులో సింధియా మార్కెట్టుకి వెళ్ళి అమ్ముకొచ్చే మనిషి. ఊళ్ళో ఆవిడ నోటికి జడవనివాళ్ళు లేరు. చేప పాతదైతే అమ్మేది తన చెల్లెలైనా మొహమ్మీద చెప్పేసేది. అలాంటి నోరు ఈ శ్రావణంలో మూతపడింది.

టైఫాయిడ్. గాజువాకలో ఆస్పత్రిలో ఆరు రోజులుంచారు. జ్వరం తగ్గింది, ఇంటికొచ్చింది, కానీ ఆకలి మాత్రం రాలేదు. జావ కాచిస్తే పక్కన పెట్టేసేది. ఇడ్లీ చిదిపి నోట్లో పెడితే అలాగే ఉంచుకుని, ఎవరూ చూడకుండా ఉమ్మేసేది. కోడలు సూర్యకళ ప్యాకెట్టు సూపు కూడా కాచి చూసింది. పది రోజులకి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. శుక్రవారం చూపించడానికి తీసుకెళ్తే డాక్టరు ఒకటే మాట చెప్పాడు. సోమవారం లోపల కడుపులోకి ఏదైనా పోవాలి, లేదంటే మళ్ళీ చేర్చి సెలైన్ ఎక్కించాలి.

"అత్తమ్మ గొంతులోకి ఏటీ దిగట్లేదు మావయ్యా," అంది సూర్యకళ ఆ సాయంత్రం. పాపం, ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నానేటి సేసినా వాసన సూసి పక్కకి పెట్టేత్తంది. నాకింకేటీ తోసట్లేదు."

ఎల్లాజీ ఆరిన పొయ్యి వైపు చూశాడు. ఆ తర్వాత అన్నాడు: "రేపు నాను వొండుతాను."

సూర్యకళ విన్నది నిజమేనా అన్నట్టు చూసింది. కొడుకు నాగబాబు, ఇంటి ముందర వల బాగుచేసుకుంటున్నవాడు, తలెత్తి తండ్రిని చూసి మళ్ళీ వలలోకి చూశాడు. ఎవరూ కాదనలేదు.

శనివారం పొద్దున ఎల్లాజీ పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అన్నీ అమర్చుకున్నాడు, తలకాయలు శుభ్రం చేశాడు, మిరియాలు దంచాడు. అక్కడి దాకా చెయ్యి దానంతటదే నడిచింది. ఇబ్బంది ఆ తర్వాతే. తొమ్మిదిమందికి వండిన చెయ్యి నలుగురికి వండలేదు. పెద్ద గిన్నెడు నీళ్ళు పోశాడు. నీళ్ళు ఎక్కువయ్యాయని మిరియాలు పెంచాడు. మిరియాలు పెరిగాయని చింతపండు కలిపాడు. ఉప్పు డబ్బా చేతికిచ్చి సూర్యకళ పక్కకి వెళ్తే, ఎంత వెయ్యాలో తెలియక చిటికెడు చిటికెడు వేస్తూ ప్రతిసారీ నాలిక మీద వేసుకుని చూశాడు. ఏడుసార్లు చూశాడు. ఏడోసారికి ఉప్పు తెలియలేదు, పులుపు తెలియలేదు. నాలిక మొద్దుబారిపోయింది.

కాసులమ్మని మంచమ్మీద ఆనించి కూర్చోబెట్టి గిన్నె పట్టుకుని తనే తాగించాడు. ఆవిడ రెండు చెంచాలు తాగింది. మూడోదానికి మొహం గోడవైపు తిప్పుకుంది.

"బాగానే ఉంది," అంది.

ముప్పయ్యయిదేళ్ళ కాపురంలో కాసులమ్మ ఏ వంటనీ, ఏ చేపనీ, ఏ మనిషినీ 'బాగానే ఉంది' అని వదిలిపెట్టిన పాపాన పోలేదు. ఉప్పెక్కువంటే ఎక్కువనేది, పచ్చిగా ఉందంటే పచ్చిగా ఉందనేది. 'బాగానే ఉంది' అంటే ఇక వాదించే ఓపిక కూడా లేదన్నమాట. ఆ చారంతా సూర్యకళ ఇరుగుపొరుగుకి పంచింది. వాళ్ళు మర్యాదకి బాగుందన్నారు.

ఆ మధ్యాహ్నం ఎల్లాజీ గుమ్మంలో కూర్చుని తన చేతుల వైపు చూసుకున్నాడు. ఇరవయ్యారేళ్ళు తొమ్మిదిమందిని నిలబెట్టిన చేతులు ఒక్క మనిషి దగ్గర ఓడిపోవడమేమిటి. కోపమొచ్చింది. దుఃఖం కూడా వచ్చింది. రెండూ కలిసి ఒకచోట సర్దుకున్నాక ఆలోచన మొదలైంది. బోటు మీద ఎప్పుడైనా ఎంగిలి చేసి వండానా? లేదు. ఉప్పు డబ్బా ముట్టుకున్నానా? లేదు. ఇంట్లో వండుతున్నాం కదా అని ఇంటి వంటవాడిలా వండాను. నాకు వచ్చిన వంట అది కాదు కదా.

"నాగబాబూ, రేపు ఏటకెల్తన్నావా?" అని అడిగాడు.

నాగబాబుకి ఒడ్డునే ఫైబర్ పడవ ఉంది. "ఎల్తాను నాన్నా. ఏటి?"

"నాను కూడా వత్తాను."

"మోకాళ్ళతోటా? సేపలు నాను తెత్తాను కదా."

"సేపలకి కాదురా. నీళ్ళకి."

నాగబాబు ఇంటి ఎదురుగా విరుచుకుపడుతున్న అలల వైపు చూశాడు. గుమ్మం నుంచి నలభై అడుగులు లేదు సముద్రం. నవ్వాపుకోలేక, "సముద్రం ఇక్కడే ఉంది కదేటి," అన్నాడు.

"ఇది వానలకి బురదనీళ్ళు, ఇసక. నాక్కావలసింది ఇది కాదు. ఒడ్డు కనపడనంత దూరం తీసుకెల్లు," అన్నాడు ఎల్లాజీ. ఆ గొంతులో వేళాకోళం లేదని అర్థమై నాగబాబు నవ్వు మానేశాడు.

ఆదివారం తెలతెలవారుతుండగా బయల్దేరారు. అలలు దాటేటప్పుడు పడవ ఎగిరిపడుతుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి గానీ ఎల్లాజీ కిక్కురుమనలేదు. డాల్ఫిన్ నోస్ కొండ చిన్నదైంది. దాని మీది లైట్‌హౌస్ చుక్కైంది. అది కూడా వాన మబ్బులో కలిసిపోయాక ఎల్లాజీ చెయ్యెత్తి ఆగమన్నాడు. నీళ్ళు ముదురు నీలంగా, అద్దంలా ఉన్నాయి. డబ్బా ముంచి నింపుకుని మూత బిగించాడు. అదృష్టం కొద్దీ నాగబాబు గాలానికి ఓ మోస్తరు పార ఒకటి పడింది. రెండేళ్ళ తర్వాత ఎల్లాజీ మొహమ్మీద నీటిజల్లు పడింది. తనకి ఏడుపొస్తున్నట్టు కొడుక్కి తెలియలేదు, తెలిసినా అడగలేదు.

తిరిగొచ్చాక వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి కట్టెల పొయ్యి రాజేశాడు. ఈసారి చిన్న సత్తు గిన్నె తీసుకున్నాడు. నాలుగు గ్లాసుల మంచినీళ్ళు, ఒక గ్లాసు సముద్రం. సూర్యకళ ఉప్పు డబ్బా పట్టుకొస్తే చేత్తోనే వద్దన్నాడు. మంచం వాకిట్లోకి తెప్పించాడు. కాసులమ్మ దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకుని పడుకుంది. పొయ్యి వైపు చూడనైనా చూడలేదు.

నాగబాబు మంచం పట్టె మీద కూర్చున్నాడు. తల్లి కాళ్ళు ఒత్తుతూ, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"అమ్మా, తాతబాబు మావ నాకోపాలి సెప్పాడు. ఒకేడు ఈళ్ళ బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయిందంట. మూడు రోజులు కొట్టుకుపోయినారంట. రెండో రోజుకి బియ్యం అయిపోయినాయి. జనం బెంగటిల్లిపోయి ఒకడితో ఒకడు మాటాడట్లేదంట. అప్పుడు నాన్న, పడేసిన తలకాయలన్నీ ఏరి, పూటకి ఒక గుండిగ సారు కాసి పోసాడంట. మూడో రోజు ఏరే బోటు వచ్చి లాక్కొచ్చేదాకా ఒక్కడు కూడా పడిపోలేదంట. తాతబాబు మావ ఏటన్నాడో తెల్సా? ఆ మూడు రోజులు బోటు నడిపింది నాను కాదు, మీ నాన్నే అన్నాడు."

కాసులమ్మ కళ్ళు తెరిచింది. "నాకెప్పుడూ సెప్పలేదేటి?" అంది. గొంతు పీలగా ఉంది గానీ, అందులో పాత కాసులమ్మ కొంచెం వినిపించింది.

"వంట గురించి నువ్వెప్పుడైనా అడిగావేటి?" అన్నాడు ఎల్లాజీ, మంటలోంచి ఒక కట్టె వెనక్కి లాగుతూ.

ఆవిడ తల పొయ్యి వైపు తిప్పింది. ఆవిరి లేచింది. ఎల్లాజీ మొహం దగ్గరగా పెట్టి పీల్చాడు. వెల్లుల్లి ముందొచ్చింది. ఆగాడు. సూర్యకళ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. అతను కదల్లేదు, నాలిక తగిలించలేదు. ఇంకాస్సేపటికి మిరియం ఘాటు ముక్కుకి కొట్టింది, దాని వెనకే వెల్లుల్లి నెమ్మదిగా వచ్చింది. మంట తీసేశాడు.

మొదటి గరిటె పట్టుకుని కుంటుకుంటూ ఇసకలోకి నడిచాడు. అల వచ్చి కాళ్ళు తడిపినప్పుడు గరిటెడు చారూ అందులో పోసి దణ్ణం పెట్టుకున్నాడు. ఏమని మొక్కాడో వేరే చెప్పక్కర్లేదు.

వెనక్కొచ్చి రెండో గరిటె గ్లాసులోకి వంపి కాసులమ్మ చేతికిచ్చాడు.

"ఇది డ్రైవరుది," అన్నాడు. "బోటు మీద తాతబాబుది. ఇక్కడ నీది."

కాసులమ్మ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని ఆవిరి పీల్చింది. ఆ వాసన ఆవిడకి కొత్త కాదు. ఇరవయ్యారేళ్ళు, వేట నుంచి వచ్చిన లుంగీలు ఉతికినప్పుడల్లా వచ్చిన వాసనే. ఆడవాళ్ళు బోటెక్కని ఊళ్ళో, ఆ వాసన ఎక్కడిదో చూసే వీలు ఆవిడకెప్పుడూ లేకపోయింది. ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. గ్లాసు సగమైంది. సూర్యకళ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గ్లాసు ఖాళీ అయింది.

"మిరియాలు ఎక్కువైనాయి," అంది కాసులమ్మ.

ఎల్లాజీ పొయ్యి పక్కన చతికిలబడి గట్టిగా నవ్వాడు. అతనంత గట్టిగా నవ్వగా సూర్యకళ ఎప్పుడూ వినలేదు. కాసులమ్మ నవ్వలేదు. ఖాళీ గ్లాసు ముందుకు చాపి, మొగుడి మొహంలోకి చూస్తూ అడిగింది.

"ఇన్నేళ్ళూ ఇది ఆళ్ళకి పోసావేటి మావా? నాకు ఒక్క పూటైనా కాసి పెట్టలేదేటి?"

"నాను వంటోడినంటే నీకు నామోషీ కదే," అన్నాడు ఎల్లాజీ. ఇరవయ్యారేళ్ళు గొంతులో ఉన్న మాట అంత తేలిగ్గా బయటికొస్తుందని అతను అనుకోలేదు. "నీ ముందర గరిటె పట్టుకోడానికి నాకు సిగ్గేసీది."

కాసులమ్మ అతని కుడిచేతి వైపు చూసింది. తర్వాత, "ఇంకో గ్లాసు పొయ్యి," అంది.

సోమవారం ఆస్పత్రికి వెళ్ళలేదు. ఆ వారమంతా నాగబాబు వేటకెళ్ళినప్పుడల్లా ఒక డబ్బా నీళ్ళు తెచ్చాడు. తోటివాళ్ళు నీళ్ళకి వేటేమిట్రా అని ఏడిపిస్తే, మా నాన్న చేతి చారు తాగి చెప్పండన్నాడు. గాజులు నెమ్మదిగా మోచేతి నుంచి మణికట్టు దగ్గరికి దిగాయి. వినాయక చవితి వెళ్ళిన వారానికి కాసులమ్మ మళ్ళీ చేపల గిన్నె సర్దుకుంది. బరువు మొయ్యొద్దని కొడుకూ కోడలూ పోరితే, గిన్నె ఎల్లాజీ మోసేటట్టూ బేరం తను చేసేటట్టూ రాజీ కుదిరింది.

అలా ఒక పొద్దున సింధియా మార్కెట్టులో ఇద్దరూ కూర్చున్నారు. ఎల్లాజీ కొంచెం వెనకగా, తువ్వాలు మామూలుగానే కుడిచేతి మీదికి జార్చుకుని ఉన్నాడు. చుట్టూ అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ, ఒకరి మాట ఒకరికి వినబడని రద్దీ. క్వార్టర్స్‌లో ఉండే ఒకావిడ పార తలకాయలు బేరం చేస్తూ, ఇంట్లో పిల్లాడికి జ్వరం తగ్గి నోరు చేదుగా ఉందని, వీటితో ఏం కాచి పెడితే తింటాడని కాసులమ్మని అడిగింది.

"నన్నడక్కమ్మా, మా ఆయన్నడుగు," అంది కాసులమ్మ. పక్క వరస దాకా వినబడేటట్టే అంది. "ఇరవయ్యారేళ్ళు బోటు మీద వంటోడు. నన్ను మంచం మీంచి లేపింది ఈయన సేతి సారే."

అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. వాళ్ళలో సగంమంది, ఎల్లాజీ వలేస్తాడని ఇన్నేళ్ళూ కాసులమ్మ నోటే విన్నవాళ్ళు. కాసులమ్మ వాళ్ళవైపు చూసి, ఏం, కాదంటారా అన్నట్టు గడ్డం ఎత్తింది.

ఎల్లాజీ ముందుకు జరిగాడు. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు వేళ్ళ కుడిచెయ్యి ఆవిడ ముందు చాపి, బొటనవేలూ ఉంగరంవేలూ కలిపి చిటికెడు చూపించాడు.

"మిరియాలు నా సేత్తో అయితే ఇలాటివి రెండు చిటికెలమ్మా," అన్నాడు. "నీ సేత్తో అయితే ఒకటి సాలు."